వదిన నానబెట్టిన మెయిళ్ళు

మా వదిన నా మెయిలును వెనక్కి పంపడం అది నలభై మూడోసారి. పంపినప్పుడు ఆవిడ ముందుగదిలో కంప్యూటరు దగ్గర కూర్చుని ఉంది. నేను వంటింట్లో ఆవిడ పోసి పెట్టిన టీ తాగుతున్నాను. మధ్యలో ఒక గోడ, ఆ గోడకు తలుపు లేని గుమ్మం. "ఇది పనికిరాదయ్యా" అని అక్కడి నుంచి ఒక్క కేక వేస్తే సరిపోయేది. వేయలేదు. నా ఫోను టింగుమంది. తీసి చూస్తే ఇలా ఉంది: "గౌరవనీయులైన సభ్యులకు నమస్కారం. తమరు పంపిన మెయిలు అందింది. అందులో ఇటుక కనిపించలేదు. దయచేసి ఇటుక చేర్చి మళ్ళీ పంపగలరు. ఇట్లు, మోడరేటరు."

"వదినా, సున్నం గురించి రాశాను కదా! సున్నం ఇటుకల మధ్యలో కాక ఇంకెక్కడుంటుంది?" అని అరిచాను.

"మోడరేటరుతో మాట్లాడాలంటే మెయిలు రాయి. వదినతో మాట్లాడాలంటే ఆ గ్లాసు కడిగి పెట్టి రా" అని జవాబొచ్చింది.

ఇలాంటి మనిషి గురించి రాస్తున్నాను కాబట్టి, నాకు ఆవిడ మీద కోపం ఉందని ముందే ఒప్పుకుంటున్నాను. ఒకే బల్ల దగ్గర అన్నం తింటూ నలభై మూడుసార్లు "గౌరవనీయులైన సభ్యులు" అనిపించుకుంటే ఎవరికైనా కడుపు మండుతుంది.

నాది సర్వే ఆఫీసులో ఉద్యోగం. పొలాల హద్దులు కొలిచేటప్పుడు మట్టిలోంచి పాత ఇటుకలు బయటపడుతుంటాయి. వాటి మీద మోజు పుట్టి ఇటుకల గుంపులో చేరాను. పాత ఇటుకల మీద పరిశోధన చేసే పండితులు మెయిళ్ళలో చర్చించుకునే గుంపు అది. అందులో మెయిలు రాస్తే నేరుగా అందరికీ పోదు. ముందు మోడరేటరు దగ్గర ఆగుతుంది. మోడరేటరు సరే అంటేనే మిగతా నాలుగు వందల పన్నెండు మందికీ చేరుతుంది. ఆ మోడరేటరు మా వదిన. కాలేజీలో చరిత్ర విభాగంలో టైపిస్టు. చరిత్రలో ఆవిడకు ఏ డిగ్రీ లేదు. ఇతరుల డిగ్రీలకు కావలసిన వ్యాసాలన్నీ మాత్రం ఆవిడే టైపు చేసింది.

ఈ కొలువు ఆవిడకు ఎలా వచ్చిందో చెప్పాలి. పందొమ్మిదేళ్ళ క్రితం ఈ గుంపును పెట్టినవాడు అప్పటి విభాగాధిపతి. అప్పుడు దానికి కాపలా లేదు, ఎవరు రాసింది వాళ్ళు నేరుగా అందరి మీదికీ వదిలేవారు. ఇటుక పొడవు గురించి మొదలైన చర్చ మూడో మెయిలుకల్లా ఒకాయన డిగ్రీ మీదికి, ఐదో మెయిలుకల్లా ఇంకొకాయన మామగారి పలుకుబడి మీదికి పాకేది. ఒకసారి ఇద్దరు సభ్యులు ఒకే వారం సెలవు పెట్టి, "నేను ఊళ్ళో లేను, రాగానే జవాబిస్తాను" అని వాటంతటవే పోయే జవాబులు పెట్టుకుని వెళ్ళారు. ఆ రెండు జవాబులూ ఒకదానికొకటి జవాబు చెప్పుకుంటూ నాలుగు రోజుల్లో పద్దెనిమిది వందల మెయిళ్ళు రాసుకున్నాయి. ఆ గుంపులో అప్పటిదాకా జరిగినవాటిలో మర్యాదైన సంభాషణ అదొక్కటే.

విభాగాధిపతి తల పట్టుకున్నాడు. ఆయన సెమినారుకు పోవాల్సి ఉంది. "అమ్మాయ్, నేనొచ్చేదాకా రెండు రోజులు వీళ్ళు కొట్టుకోకుండా చూడు" అని పాస్‌వర్డు ఒక చీటీ మీద రాసి వదిన చేతిలో పెట్టాడు. తిరిగొచ్చేసరికి గుంపు చల్లబడింది. ఆయన చీటీ వెనక్కి అడగలేదు. తర్వాత రిటైరయ్యాడు. ఇంకో ముగ్గురు అధిపతులు మారారు. చీటీ ఇప్పటికీ వదిన పర్సులోనే ఉంది.

ఆ రెండు రోజుల్లో వదిన ఏం మంత్రం వేసిందని అందరూ అడిగేవారు. మంత్రం లేదు, తొట్టి ఉంది. వదిన తండ్రి తాపీమేస్త్రి. బడికి సెలవులొస్తే ఆవిడ ఆయన వెంట పనిలోకి వెళ్ళి ఇటుకలు తొట్టిలో వేసేది. పొడి ఇటుకను అలాగే గోడలో పెడితే సిమెంటు మాలులోని తడంతా అది పీల్చేస్తుంది, పట్టు దొరకదు. అందుకని ముందు నీళ్ళలో ముంచాలి. ముంచగానే బుస్సుమని బుడగలు లేస్తాయి. బుడగలు ఆగేదాకా ఇటుకను తీయకూడదు. ఆయన నేర్పిన మొదటి పాఠం ఇది. మా వంటింటికీ ముందుగదికీ మధ్యనున్న గోడ ఆయన కట్టిందే. వంటింటి వైపు పూత పూయకుండా వదిలేశాడు. ఎందుకని అడిగితే, "మంచి ఇటుకను కప్పెట్టడం దేనికి బాబూ" అన్నాడు.

వదిన కంప్యూటరులో తొట్టి అనే పేరుతో ఒక ఫోల్డరు పెట్టుకుంది. కోపంగా వచ్చిన ప్రతి మెయిలూ అందులో మునిగి మర్నాడు మధ్యాహ్నం పన్నెండు దాకా నానాలి. పన్నెండింటికి దాన్ని రాసినవాడికే తిప్పి పంపి, "ఇలాగే పంపమంటారా, ఒకసారి చూసుకుంటారా?" అని అడుగుతుంది. పదిమందిలో తొమ్మిదిమంది చూసుకుంటారు. పదోవాడు ఆ మెయిలు తాను రాయనే లేదని, ఎవరో తన కంప్యూటరులో దూరారని చెబుతాడు.

ఇంట్లోనూ ఇదే పద్ధతి. మా అన్నయ్యకు కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. వచ్చినవాళ్ళందరి దగ్గరా ఆయన మొర ఒకటే. "పెళ్ళయి ఇరవై ఆరేళ్ళయింది. ఈవిడతో ఒక్క దెబ్బలాట కూడా పూర్తిచేయలేదండీ. మొదలుపెట్టగానే రేపు మధ్యాహ్నం మాట్లాడుకుందాం అంటుంది. రేపు మధ్యాహ్నానికి నాకేం గుర్తుంటుంది?"

తొట్టితోపాటు నాలుగు నియమాలు. ఒక అట్ట మీద టైపు చేసి కంప్యూటరు పక్కన గోడకు అంటించింది. ప్రతి మెయిలులోనూ ఇటుక ఉండాలి. ఇటుకను అనండి, మనిషిని అనకండి. ఎక్కడ తెలుసుకున్నారో చెప్పండి. పైన నమస్కారం, కింద సంతకం. ఈ నాలుగింటి కింద తనకోసమని పెన్సిలుతో ఐదోది రాసుకుంది: మోడరేటరు చర్చలో దిగకూడదు.

ఈ నియమాల దగ్గర ఆవిడకు మొహమాటం లేదు. సభ్యుల్లో ఒకాయన ఉన్నాడు, ఎవరేం రాసినా "ధన్యవాదాలు" అని ఒక్క మాట రాసి పంపుతాడు. అందులో ఇటుక ఉండదు కాబట్టి పందొమ్మిదేళ్ళుగా ఆయన ధన్యవాదాలు ఒక్కటీ బయటికి పోలేదు. ఇంకొకాయన ఇటుకబట్టీ యజమాని. ఇదేదో వ్యాపారుల గుంపనుకుని చేరాడు. "లోడు కావాలంటే చెప్పండి" అని నెలకోసారి రాస్తాడు. అందులో ఇటుక ఉంటుంది కానీ నమస్కారం ఉండదు, అదీ వెనక్కే.

వదినకు ఈ పని మీద ఇంత పట్టుదల ఎందుకో చాలాకాలం నాకు అర్థం కాలేదు. పైసా జీతం లేదు, పొగిడేవాళ్ళు లేరు. ఒకరోజు ఏదో పనిమీద ఆవిడ విభాగానికి వెళ్ళాను. వరండా చివర బీరువాల సందులో ఆవిడ బల్ల. వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ "ఇదిగో అమ్మాయ్, ఇది రెండు కాపీలు", "అమ్మాయ్, నా సెలవు చీటీ ఏమైంది" అంటున్నారు. ఆవిడకు యాభై దాటింది. నలభై నిండనివాడు కూడా అమ్మాయ్ అనే పిలుస్తున్నాడు. అదే మనుషులు సాయంత్రానికి ఇంటి దగ్గర మెయిల్లో "గౌరవనీయులైన మోడరేటరు గారికి, తమ అనుమతి కోరుతూ" అని రాస్తారు. ఆ చీటీ పోతే ఆవిడకు మిగిలేది బీరువాల సందు. అప్పట్నుంచి నా నలభై మూడు మెయిళ్ళ గురించి బయట ఎక్కడా చెప్పుకోలేదు.

ఇప్పుడు అసలు ఇటుక దగ్గరికి వద్దాం. గుంపులో ఇద్దరు పెద్ద ఆచార్యులున్నారు. మేము వాళ్ళను బట్టీ ఆచార్యులు, ఎండ ఆచార్యులు అంటాం. వయసులో ఉన్నప్పుడు ఇద్దరూ ఒకే తవ్వకంలో పనిచేశారు, ఒకే డేరాలో పడుకున్నారు. ఒక పాత గోడలోంచి నిండు ఇటుక బయటపడింది. నేను ముందు చూశానంటే నేను ముందు చూశానని చెరో పక్కా పట్టుకుని లాగారు. అది మధ్యకు విరిగింది. చెరో ముక్కా పట్టుకుని చెరో దారినా పోయారు. ఒకాయన ముక్క ఎర్రగా ఉంది. అందుకని ఆ కాలంవాళ్ళు ఇటుకల్ని బట్టీలో కాల్చేవారని ఆయన సిద్ధాంతం. రెండో ఆయన ముక్క మట్టిరంగులో ఉంది. అందుకని ఎండలో ఆరబెట్టడమే తప్ప కాల్చడం తెలియదని ఈయన సిద్ధాంతం. ముప్ఫై ఏళ్ళుగా ఇద్దరూ తమ తమ సగం మీద పుస్తకాలు రాశారు. రెండు సగాల్నీ పక్కపక్కన పెట్టి చూడాలన్న ఆలోచన ఇద్దరికీ రాలేదు. వచ్చినా, ముందు ఎవరు ఎవరింటికి వెళ్ళాలన్న దగ్గర ఆగిపోయి ఉంటుంది. గుంపులో వచ్చే మెయిళ్ళలో సగం ఈ ఇటుక గురించే. తొట్టిలో నానేవాటిలో ముప్పాతిక ఈ ఇద్దరివే.

కిందటేడు ఒక మధ్యాహ్నం వదిన నన్ను ముందుగదిలోకి పిలిచింది. మోడరేటరు నన్ను సలహా అడగడం అదే మొదటిసారి. తెర మీద బట్టీ ఆచార్యుల మెయిలు ఉంది.

"ఇందులో ఏ నియమం తప్పిందో చూడు" అంది.

చదివాను. పైన నమస్కారం, కింద సంతకం, మధ్యలో మూడు ఆధారాలు. సారాంశం ఇది: రెండు ముక్కల మధ్య కనిపించే తేడాకు కారణం ఆనాటి పనివాడి తెలివితక్కువతనం కావచ్చు, చదువూ బుద్ధీ లేని కూలివాడి చేతిపనిలో మనం శాస్త్రాన్ని వెతకడమే పొరపాటు. దాని వెనకే ఎండ ఆచార్యుల మెయిలు కూడా వచ్చి ఉంది: "మిత్రులతో ఈ ఒక్క విషయంలో పూర్తిగా ఏకీభవిస్తున్నాను." ముప్ఫై ఏళ్ళలో వాళ్ళిద్దరూ ఏకీభవించడం అదే మొదలు.

"ఏ నియమమూ తప్పలేదు వదినా. చక్కగా, మర్యాదగా రాశారు" అన్నాను.

"మనిషిని అనకూడదని రాశాను కదా."

"మనిషంటే సభ్యుడనే కదా అందరూ అనుకునేది. ఆ కూలివాడు గుంపులో సభ్యుడు కాదుగా."

వదిన అట్ట మీది నియమాలు ఇంకోసారి చదువుకుంది. తర్వాత రెండు మెయిళ్ళనూ అందరికీ పంపించింది. పంపించాక, "మా నాన్న కూడా సభ్యుడు కాదు" అంది.

ఆవిడ లేచి బల్ల సొరుగులోంచి రబ్బరు తీసి, అట్ట మీద పెన్సిలుతో రాసుకున్న ఐదో నియమాన్ని చెరిపేసింది. పందొమ్మిదేళ్ళ నాటి పెన్సిలు గీత, అంత తేలిగ్గా పోలేదు. రబ్బరు పొట్టు ఊదేసి కూర్చుని టైపు చేయడం మొదలుపెట్టింది.

"ఏంటి వదినా, ఆ ఇటుక సంగతి నీకు తెలుసా?"

"మొదటి ఏడాదే తెలుసు. ఇద్దరూ ఫొటోలు పంపారు కదా. బట్టీ అంచున పేర్చిన ఇటుక అది. మంట అక్కడిదాకా సరిగ్గా రాదు. లోపలి కొస కాలుతుంది, బయటి కొస పచ్చిగా ఉండిపోతుంది. మా నాన్న అలాంటివి విడిగా ఏరి పెట్టేవాడు."

"పందొమ్మిదేళ్ళు నోరు మూసుకున్నావా? నాలుగు వందల మంది తలలు బద్దలు కొట్టుకుంటుంటే?"

"మోడరేటరు ఒకవైపు మాట్లాడితే రెండోవైపువాడు రేపట్నుంచి నా మాట వింటాడా? అయినా ఆ తలలు బద్దలు కొట్టుకోవడంలో వాళ్ళకు సుఖం ఉందయ్యా. చెడగొట్టడం ఎందుకనుకున్నాను."

"మరి ఇప్పుడో? వాళ్ళు ఊరుకోరు. నీ కుర్చీ లాగేస్తారు."

"లాగితే లాగనీ" అంది. పర్సు తెరిచి చీటీ ఉందో లేదో మాత్రం చూసుకుంది.

ఆ మెయిలు కోపంగా ఉందని ఆవిడకే అనిపించిందట. తొట్టిలో వేసింది. మర్నాడు పన్నెండింటికి తీసి, "గౌరవనీయులైన సభ్యురాలికి నమస్కారం. ఇలాగే పంపమంటారా, ఒకసారి చూసుకుంటారా?" అని తనకు తానే రాసుకుంది. చూసుకుని మూడు వాక్యాలు కొట్టేసింది. ఇదంతా నేను పక్కనే నిలబడి చూశాను. నవ్వాలో దణ్ణం పెట్టాలో తెలియలేదు.

చివరికి బయటికి పోయింది ఇది: "గౌరవనీయులైన సభ్యులకు నమస్కారం. బట్టీ అంచున పేర్చిన ఇటుకకు ఒక్కోసారి ఒక కొసే కాలుతుంది. అది పనివాడి తెలివితక్కువతనం కాదు, మంట అంతదూరం రాదు. కట్టేవాడు అలాంటి ఇటుకను పారేయడు. కాలిన కొసను వాన తగిలే వైపుకు, పచ్చి కొసను లోపలికి ఉంచి కడతాడు. ఆచార్యులిద్దరి దగ్గరా ఉన్నది ఒకే ఇటుక. రెండు ముక్కలూ కలిపి చూస్తే తెలుస్తుంది. ఎక్కడ తెలుసుకున్నానంటే, మా నాన్న దగ్గర. ఆయన తాపీమేస్త్రి. ఇట్లు, చరిత్ర విభాగం టైపిస్టు."

రెండు రోజులు గుంపులో చీమ చిటుక్కుమనలేదు. మూడో రోజు నాలుగు మెయిళ్ళు వచ్చాయి. మొదటిది, సభ్యురాలి తండ్రిగారు ఏ పత్రికలో ప్రచురించారో, పుట సంఖ్య ఎంతో తెలుపగలరని. రెండోది "ధన్యవాదాలు". మూడోది ఇటుకబట్టీ యజమానిది: "మేడం చెప్పింది కరెక్టు. మా బట్టీలో అంచున రోజూ వస్తాయి. కావాలంటే ఫొటో పెడతా."

ఆ మూడోదాన్ని వదిన వెనక్కి పంపేసింది. సాయంత్రం ఆ ఇటుకబట్టీ యజమాని, సర్వే పనిలో నాకు తెలిసినవాడే, ఫోను చేసి లబోదిబోమన్నాడు. నేను ఒంటికాలి మీద లేచాను.

"వదినా! లోకంలో నీ పక్షాన మాట్లాడినవాడు ఒక్కడు. వాడి మెయిలు కూడా తిప్పికొట్టావా?"

"నమస్కారం లేదు."

"నీ కుర్చీ కింద నిప్పు పెడుతుంటే నమస్కారమేంటి వదినా!"

"నా పక్షాన మాట్లాడాడని వదిలేస్తే, రేపు ఇంకొకరిది ఏ ముఖం పెట్టుకుని ఆపను?"

గోడకు తల కొట్టుకోవాలనిపించింది. వాళ్ళ నాన్న కట్టిన గోడ, తలే పగులుతుందని ఊరుకున్నాను.

నాలుగో మెయిలు ఇద్దరు ఆచార్యులూ కలిసి రాసింది. కింద రెండు సంతకాలు. ఉప్పూ నిప్పూలా ఉన్న మనుషుల్ని మా వదిన ఒక్క మెయిలుతో కలిపింది. అందులో ఉన్నది ఇది: శిక్షణ లేని వ్యక్తులు విద్వాంసుల చర్చలో జొరబడటం విచారకరం, టైపు చేసినంత మాత్రాన పాండిత్యం అంటుకోదు, ఇటువంటి వ్యక్తి మోడరేటరుగా కొనసాగడం తగదు. తనను తీసేయమన్న ఆ మెయిలు, అందరికీ చేరడానికి తన అనుమతి కోసమే వచ్చి తన ముందు నిలబడింది. వదిన దాన్ని రెండుసార్లు చదివి తొట్టిలో వేసింది. మర్నాడు పన్నెండింటికి తిప్పి పంపింది: "గౌరవనీయులైన సభ్యులకు నమస్కారం. రెండో నియమం ప్రకారం ఇటుకను అనవచ్చు, మనిషిని అనరాదు. దయచేసి మనిషిని తీసి, ఇటుకను చేర్చి మళ్ళీ పంపగలరు."

ఆచార్యులిద్దరూ ఒకే ఆటోలో విభాగాధిపతి గదికి వెళ్ళారు. ఇప్పటి అధిపతికి ఇటుకలంటే ఆసక్తి లేదు, గొడవలంటే భయం. అరగంట విన్నాడట. తర్వాత వదినను పిలిచి చెప్పాడు.

"చూడమ్మా, ఎల్లుండి పదకొండింటికి వీళ్ళు ముక్కలు తెస్తారు. నువ్వు చెప్పింది తప్పయితే ఆ పాస్‌వర్డు చీటీ నా బల్ల మీద పెట్టేసెయ్. ఒప్పయితే వీళ్ళిద్దరూ ఇంకెప్పుడూ నా గదికి రాకూడదు."

ఆ రెండు రోజులూ వదిన వంటలో ఉప్పు లేదు. అన్నయ్య నోరెత్తలేదు, నేనూ ఎత్తలేదు. మూడో రోజు పొద్దున పర్సులోంచి చీటీ తీసి, మడత విప్పి, మళ్ళీ మడిచి, పైట కొంగున ముడేసుకుంది. "నువ్వూ రావయ్యా, తోడుగా" అంది. సర్వే టేపు జేబులో వేసుకుని వెళ్ళాను. దానితో అక్కడ పనేముందో నాకూ తెలియదు, ఖాళీ చేతులతో వెళ్ళబుద్ధి కాలేదు.

బట్టీ ఆచార్యులు తన ముక్కను పట్టుగుడ్డలో చుట్టి తెచ్చాడు. ఎండ ఆచార్యులు దూది పరిచిన చెక్కపెట్టెలో తెచ్చాడు. బల్ల మీద రెండు మూలల్లో పెట్టి, ఎవరి ముక్క పక్కన వాళ్ళు నిలబడ్డారు. జరపమంటే ఎవరూ జరపరు. "ముందు వారిని జరపమనండి" అని ఒకరు, "వారి తర్వాతే నేను" అని ఒకరు. పది నిమిషాలు గడిచాయి. అధిపతి గడియారం చూసుకుంటున్నాడు. అప్పుడు టేపు పనికొచ్చింది. బల్ల పొడవు కొలిచి, సరిగ్గా మధ్యన సుద్దముక్కతో గీత గీసి, "ఇద్దరూ ఒకేసారి గీత దాకా జరపండి సార్. ఎవరూ ముందు కాదు, ఎవరూ వెనక కాదు" అన్నాను. హద్దు తగాదాల్లో మా ఆఫీసువాళ్ళం చేసే పనే అది.

జరిపారు. ముక్కలు రెండూ అతుక్కున్నాయి, నడుమ వెంట్రుక దూరే సందు లేదు. ఒక కొసన ఎరుపు. మధ్యకు వచ్చేసరికి నారింజ. ఆపైన లేత గోధుమరంగు. అటు కొసన ఉత్త మట్టి. ఎక్కడ ఎరుపు ఆగిందో, ఎక్కడ మట్టి మొదలైందో వేలు పెట్టి చూపించలేం. విరిగిన చోటు మాత్రం తెలుస్తోంది.

వదిన "తాకవచ్చా సార్?" అని అడిగింది. ఎవరూ కాదనలేదు. వేలి కణుపుతో ఎర్ర కొస దగ్గర తట్టింది, ఖంగుమంది. కొంచెం జరిగి తట్టింది. ఇంకొంచెం జరిగి తట్టింది. తట్టినకొద్దీ మోత తగ్గుతూ వచ్చి మట్టి కొస దగ్గర దబ్బుమని ఆగింది. పెళ్ళికి ముందు తండ్రి వెనక కుప్పల దగ్గర కూర్చుని వేలకు వేలు తట్టిన చెయ్యి అది.

బట్టీ ఆచార్యులు ఇటుకను చూస్తున్నాడు. ఎండ ఆచార్యులు బట్టీ ఆచార్యుల్ని చూస్తున్నాడు. "ఆ రోజు నువ్వు లాగకుండా ఉంటే విరిగేది కాదు కదరా" అన్నాడు. "నువ్వు వదిలి ఉంటేనో?" అన్నాడు బట్టీ ఆచార్యులు. ముప్ఫై ఏళ్ళ పుస్తకాలు ఇద్దరివీ సగం సగమే ఒప్పు. వదినతో మాత్రం ఇద్దరూ ఒక్క మాట మాట్లాడలేదు. అధిపతి "సరే, ఇక బయల్దేరండి" అన్నాడు. చీటీ కొంగునే ఉండిపోయింది.

ఇక్కడితో కథ అయిపోయిందని నేను సంబరపడ్డాను. పండితుల సంగతి నాకు ఇంకా తెలియదన్నమాట. నెల తిరక్కుండా ఇద్దరూ కలిసి ఒక వ్యాసం రాశారు, ఒకే ఇటుకలో కాలిన కొస, పచ్చి కొస రెండూ కనుగొన్నామని. టైపు చేయడానికి వదినకే ఇచ్చారు. ఆవిడ నలభై పుటలూ ఒక్క అక్షరం మార్చకుండా టైపు చేసింది. చివర ఒక వాక్యం ఉంది: "ఓపికగా టైపు చేసిన విభాగం టైపిస్టుకు ధన్యవాదాలు." అదీ టైపు చేసింది. నాకు చూపిస్తే చించి పారేద్దామనిపించింది.

"వీళ్ళ దుంపతెగా! నువ్వు చెప్పిందే రాసుకుని, నీ చేతే టైపు కొట్టించుకుని!"

"టైపిస్టు పని టైపు చేయడం. గుంపులోకి రానీ, చూద్దాం" అంది.

వచ్చింది. వ్యాసం సారాంశాన్ని సభ్యులందరికీ తెలియజేయగలరని కోరుతూ బట్టీ ఆచార్యులు పంపాడు. ఇటుక ఉంది, నమస్కారం ఉంది, సంతకాలు రెండున్నాయి, ఎవర్నీ ఏమీ అనలేదు. వదిన వెనక్కి పంపింది. "మూడో నియమం ప్రకారం, ఈ సంగతి ఎక్కడ తెలుసుకున్నారో చెప్పలేదు. దయచేసి చెప్పి మళ్ళీ పంపగలరు."

రెండోసారి ఎండ ఆచార్యులు పంపాడు. "స్థానిక పనివారి నోటిమాట ద్వారా" అని చేర్చారు. వదిన వెనక్కి పంపింది: "ఏ పనివారో చెప్పలేదు." మూడోసారి వచ్చినది మెయిలు కాదు, మంట. అధికార దుర్వినియోగం, వ్యక్తిగత కక్ష, ఇంకా చాలా ఉన్నాయి. తొట్టిలో వేసింది. మర్నాడు పన్నెండింటికి తిప్పి పంపింది. ఆ తర్వాత పదకొండు రోజులు ఏమీ రాలేదు. వదిన రోజూ పన్నెండింటికి ఒకసారి తెర చూసి మూసేసేది.

పన్నెండో రోజు మధ్యాహ్నం నేను వంటింట్లో టీ తాగుతున్నాను. ముందుగదిలో టైపు చప్పుడు ఆగిపోయింది. కాసేపటికి నా ఫోను టింగుమంది. ఆచార్యుల సారాంశం. చివర ఈ మాటలు ఉన్నాయి: "ఈ సంగతి మాకంటే ముందు తెలిసినవారు, మాకు తెలియజేసినవారు: ఒక తాపీమేస్త్రి, ఆయన కూతురు ద్వారా. ఆమె ఈ వేదిక మోడరేటరు. పనివారి తెలివి గురించి మేము గతంలో రాసిన మాటలను వెనక్కి తీసుకుంటున్నాము." వదిన నాన్న పోయి తొమ్మిదేళ్ళయింది.

వెంటనే గుంపుకు మెయిలు రాశాను. మేస్త్రిగారిని నేను ఎరుగుదునని, అంత నెమ్మదైన మనిషిని చూడలేదని, ఏదేదో రాశాను. పంపిన నిమిషంలోపే టింగుమంది. "గౌరవనీయులైన సభ్యులకు నమస్కారం. అందులో ఇటుక కనిపించలేదు." నలభై నాలుగు.

ఈసారి అరవలేదు. లేచి టేపు తీసి వంటింటి గోడలో ఒక ఇటుకను కొలిచాను. పొడవు, ఎత్తు, రంగు రాశాను. నానబెట్టి కట్టినది, ఇరవై రెండేళ్ళయినా ఎక్కడా బీట లేదు, కట్టినవారు పై మెయిలులో చెప్పిన తాపీమేస్త్రి, ఎక్కడ తెలుసుకున్నానంటే మా వంటింట్లో, అని రాసి పైన నమస్కారం, కింద సంతకం పెట్టి పంపాను. అది వెళ్ళింది. గుంపులో చేరాక ఒక్కసారి కూడా వెనక్కి రాకుండా, మొదటి దెబ్బకే అందరికీ చేరిన నా మెయిలు అదొక్కటే.

రెండు నిమిషాల తర్వాత ఫోను మళ్ళీ టింగుమంది. గుంపులోంచి ఒక మెయిలు. నమస్కారం లేదు, సంతకం లేదు. పందొమ్మిదేళ్ళుగా ఒక్కసారీ బయటికి రాని ఆ పెద్దమనిషి మాట ఒక్కటే ఉంది: "ధన్యవాదాలు." నాలుగు వందల పన్నెండు మందికీ వెళ్ళింది.

"వదినా, అందులో ఇటుక లేదు" అన్నాను గోడ ఇవతలి నుంచి.

ముక్కు చీదుకున్న చప్పుడు వినిపించింది.

"ఈ ఒక్కసారికి పోనీవయ్యా" అంది.